కళ్లు చెక్కాల్సిన చెయ్యి

శుక్రవారం రాత్రి. నేను చెప్తున్నాను, కోడలు రాస్తోంది.

నా కిడ్నీ పెట్టించుకున్న నా కొడుకు శీను నిన్నటి నుంచి మాత్రలు మింగడం లేదని ఈ పొద్దున తెలిసింది. వాటివల్ల చేతులు వణుకుతున్నాయట. రేపు వాడు చెక్కుతున్న అమ్మవారి విగ్రహానికి కళ్లు పెట్టాలి. మా శిల్పుల ఇంట్లో విగ్రహం మొదలుపెట్టినవాడే కళ్లు చెక్కాలి.

"ఏందిరా, నేను కడుపు కోయించుకునింది నువ్వు మాత్రలు మానేదానికా?" అన్నాను.

"అమ్మవారికి మెల్లకన్ను పెట్టమంటావా మా?" అన్నాడు.

ఆళ్లగడ్డలో బస్సెక్కించి నంద్యాల లాక్కుపోయాను. మాత్రలు మానితే ఒళ్లే ఆ కిడ్నీని పాడుచేస్తుందని, మోతాదు ఎక్కువైతే వణుకు, జ్వరాలు వస్తాయని డాక్టరమ్మ చెప్పింది. రక్తం తీసుకుంది. కిడ్నీకి ఏమైనా అయిందేమో రేపు తెలుస్తుంది. మోతాదు తగ్గించాలన్నా ఆమే చెప్పాలి, అంతవరకు ఒక్క పూట కూడా మానకూడదు.

ఇంటికి రాగానే నా ఎదురుగా మింగించాను.

"కండ్లు నీ తమ్ముడు చెక్కుతాడులేరా."

"అట్లయితే ఆ బొమ్మ నాది కాదులే మా," అని ఉలి తమ్ముడి చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తప్పు చేశానని అనుకోను. కానీ నిద్ర రావడం లేదు. వాడికీ వచ్చుండదు.

చాల్లే కోడలా, రాసింది చాలు. పోయి నీ మొగుడి దగ్గర కూర్చో. నేను పోతే నిద్రపోయినట్టు కళ్లు మూసుకుంటాడు.