హాజరు పట్టీలో నీ పేరు

బెంగళూరు,
ఆదివారం

చెల్లెలు నరసమ్మకు అక్క గంగమ్మ ఎంతో ప్రేమతో దీవించి రాయునది.

ఇక్కడ నేను, రాము, కోడలు పద్మ, మనవరాలు సుధ అందరం బాగున్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మరిది ఈరన్నకు దగ్గు తగ్గిందా? బావిలో నీళ్ళు ఇంకా ఉన్నాయా, అడుగు కనిపిస్తోందా? అన్నీ వివరంగా రాయించు.

రత్నమ్మా, నువ్వు మడకశిర బడిలో తెలుగు చదువుకుని మా ఇంటికి కోడలిగా వచ్చావు గనక నా జాబులు మా చెల్లెలికి చేరుతున్నాయి. ఈ జాబులో మీ అత్తకు చెప్పాల్సిన మాట ఒకటుంది. పెద్దత్త పరువు పోతుందని ఒక్క ముక్క కూడా మింగెయ్యకు. గట్టిగా చదువు. పక్కన ఎవరున్నా ఫరవాలేదు.

నరసమ్మా, నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. ఈ ఊళ్ళో పొద్దున్నే చలి. రాము స్వెట్టరు కొనిచ్చాడు. అది వేసుకుంటే నేను నాలా ఉండను. మొన్నటి నుంచి రోజూ వాన. ఇక్కడ వాన ఎవరికీ అక్కర లేదు. గొడుగు తెరిచి తిట్టుకుంటూ పోతారు. అక్కడ మీరు వేరుశెనగ విత్తనాలు ఒలిచి పెట్టుకుని మబ్బు వైపు చూస్తూ ఉంటారు. కిటికీ దగ్గర కూర్చుని ఈ నీళ్ళు కాలవలో పోవడం చూస్తుంటే అన్నం సహించడం లేదు. పద్మ మంచిపిల్ల, నా కోసం ముద్ద చేస్తుంది. మిషను పిండి మెత్తగా ఉంటుంది, మన రాగుల రుచి రాదు. అయినా తింటున్నాను, బాగానే తింటున్నాను.

సుధకు ఏడేళ్ళు నిండాయి. బడి నుంచి రాగానే సంచి విసిరేసి "అవ్వా" అంటూ నా ఒళ్ళో పడుతుంది. నా పక్కలోనే పడుకుంటుంది. దాన్ని ఎత్తుకున్నప్పుడల్లా నాకు నువ్వే గుర్తుకొస్తావు. రామును నేను ఇలా ఎత్తుకుని తిరగలేదు. వాడు పెరిగింది నీ చంకలో.

ఇక అసలు సంగతి. మా ఇంటికి ఎదురుగా మేడ కడుతున్నారు. అక్కడ ఇటుకలు మోసే ఒక ఆమె మాట విని వాకిట్లో నిలబడిపోయాను. "యాడ పెట్టినావే చెంబు?" అని కూతుర్ని అరుస్తోంది. మన మాటే. మూడు నెలల తర్వాత ఆ మాట వింటే నా కళ్ళు తడిశాయి. పిలిచి అడిగితే మన పావగడ దగ్గరి రాయచెర్లు అంది. పేరు హనుమక్క. రెండేళ్ళు వరసగా చేను ఎండిపోతే ఇంటికి తడిక అడ్డం పెట్టి వచ్చేశారట.

నేను బడి టీచరునని విని ఒకరోజు హనుమక్క తానే వచ్చి గడప బయట కూర్చుంది. "టీచరమ్మా, మొన్న తప్పు బస్సు ఎక్కి యాడికో పోయినాను. పొద్దు గూకేదాంక తిరిగితిని. బోర్డు చదివేది నేర్పుతావా? నా పేరు గూడా రాసుకోవాలని ఉండాది" అంది. బస్సుల మీద ఉండేది కన్నడం గనక కన్నడ అక్షరాలే మొదలుపెట్టాను. సాయంత్రం పని దిగాక సుధ పలక తీసుకుని దిద్దుతుంది. ఆ ఇటుకల చేతులతో పట్టుకుంటే బలపం రోజుకొకటి విరుగుతుంది. పదిహేను రోజులకు "హ" వచ్చింది. దాన్ని చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది.

ఆ నవ్వులోనే అడిగింది. "నీకు చెల్లెండ్లు ఉండారా? వాళ్ళూ టీచర్లేనా?"

"ఒక చెల్లెలుంది. ఆమె కూడా చదువుకుంది" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోటికి అదే వచ్చింది. పక్కనే సుధ ఉంది. "మరి చిన్నవ్వకు నువ్వు రాసే జాబు రత్న చిన్నమ్మ ఎందుకు చదువుతుంది అవ్వా?" అని అడిగింది. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను.

నరసమ్మా, ఇప్పుడు చెప్పేది నలభై ఏళ్ళ నాటిది. రాము కడుపులో ఉండగానే ఆయన పోయారు, నేను పుట్టింటికి వచ్చాను. మన ఊరి కన్నడ బడిలో ఉద్యోగం దొరికింది. ఆడపిల్లల కోసమే ఆడ టీచరును వేశామని, వాళ్ళు తగినంత మంది లేకపోతే నన్ను దూరపు ఊరికి మారుస్తామని పైవాళ్ళు చెప్పారు. అమ్మానాన్న గొర్రెల వెంట పోయేవాళ్ళు. దూరం పోతే పిల్లవాణ్ణి ఎవరు చూస్తారు? అందుకని హాజరు పట్టీలో నీ పేరు రాసుకున్నాను. రోజూ పొద్దున నీ పేరుకు ఎదురుగా వచ్చినట్టు గుర్తు పెట్టాను. ఆ వేళకు నువ్వు మన ఇంట్లో రాము ఉయ్యాల ఊపుతూ ఉండేదానివి. రెండేళ్ళు అలా చేశాను. కాగితం మీద నువ్వు రెండో తరగతి పాసయ్యావు. ఆ మాట నీకు ఈ రోజు వరకూ చెప్పలేదు.

తనిఖీకి సారు వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నీకు తల దువ్వి, నా పాత చీర చింపి కుట్టిన లంగా కట్టి బడికి తీసుకెళ్ళాను. ఎందుకో నీకు తెలియదు. రాము నీ చంకలోనే ఉన్నాడు. సారు నీ చేతికి పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. నువ్వు నా వైపు చూశావు. "ఈ పిల్లకు కళ్ళకలక సార్, నిన్నటి నుంచి" అన్నాను. నువ్వు వెంటనే చేత్తో కళ్ళు నులుముకున్నావు. అక్క మాట పోనివ్వకూడదని పదేళ్ళ పిల్లవు నా అబద్ధంలో పాలు పంచుకున్నావు. సారు పుస్తకం తీసుకుని పక్కపిల్ల దగ్గరకు వెళ్ళాడు.

ఇంటికి వచ్చే దారిలో నన్ను అడిగావు. "అక్కా, ఆ పుస్తకంలో ఆవు బొమ్మ కింద ఏంది రాసుండాది?"

"ఇప్పుడెందుకే నీకది? పిల్లోడు ఏడుస్తాండాడు, చూడు" అన్నాను.

మూడు అక్షరాలు కూడా లేని మాట అది. నడుస్తూ చెప్పి ఉండొచ్చు. మట్టిలో వేలితో రాసి చూపించి ఉండొచ్చు. ఆ తర్వాత నువ్వు మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. రాము నడిచే వయసు వచ్చాక నిన్ను నిజంగానే బడిలో కూర్చోబెట్టాల్సింది. నాన్న "పెద్దదైపోయినాది, ఇంగేం బడి" అంటే నేను నోరు మెదపలేదు. నువ్వు ఉంటే నా వంట, నా ఇల్లు నడుస్తాయి కదా. అదీ నా లోపలి లెక్క.

నేను రిటైరైన రోజు ఊరంతా దండలు వేశారు. ఊరికి అక్షరం పెట్టిన తల్లి అన్నారు. నువ్వు బడి వెనక పొయ్యి దగ్గర చిత్రాన్నం కలుపుతున్నావు. చేతులు తుడుచుకుని వచ్చి "మా యక్క" అని అందరికీ చెప్పుకున్నావు. ఆ దండ బరువు నాకింకా మెడ మీద ఉంది.

మర్నాడు హనుమక్క పలక పట్టుకుని వస్తే ఇదంతా చెప్పాను. నన్ను ఛీ అంటుందేమో అనుకున్నాను. పలక కింద పెట్టి, "ఆయమ్మ బతికే ఉండాది కదా టీచరమ్మా?" అంది.

"ఉంది."

"పావగడకు బస్సులు పోతాండాయి కదా?"

"పోతున్నాయి."

"అయితే నాకు 'హ' నేర్పుకుంటా ఈడెందుకు కూచున్నావు?"

ఆ రాత్రే రాముకు, పద్మకు కూడా అంతా చెప్పాను. రాము "నేనే తీసుకుపోతానమ్మా" అన్నాడు. వద్దు, ఒక్కదాన్నే వస్తానన్నాను. సుధ పరీక్షలు అయిపోయిన మర్నాడు పొద్దున బస్సుకు బయలుదేరతాను. ఒక నెల ఉంటాను, నువ్వు ఉండనిస్తే ఇంకా ఉంటాను. హనుమక్క పలక అంతవరకూ సుధ చూస్తానంది.

నువ్వు చదువు నేర్చుకోవాలని నేను పట్టుబట్టను. యాభై దాటాక ఇంగెందుకక్కా అంటే అదీ నీ ఇష్టమే. తిట్టాలనిపిస్తే తిట్టు. రత్నమ్మా, ఆమె తిట్టింది తిట్టినట్టే రాసి పంపు, మెత్తబరచకు.

వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే కొంచెం ఉలవలు పంపు, మీకు మిగిలి ఉంటేనే. అరసికెరెలో మేనత్తకు నా నమస్కారాలు. ఆమె మంచం పట్టిందని విన్నాను, నా బదులు ఒకసారి చూసి రా. మరిదిని వానలో తడవవద్దను, వాన వస్తే. పిల్లలకు ముద్దులు.

చెల్లెలికి అక్క దీవెనలు రాసి జాబు ముగించాలి. నీ కాళ్ళకు మొక్కుదామంటే వరస ఒప్పుకోదు. అయినా ఈ ఒక్కసారికి నువ్వే నా తల మీద చెయ్యి పెట్టు నరసమ్మా.

ఇట్లు,
నీ తోడబుట్టిన
గంగమ్మ