ముళ్ల కళ్లెం

ఏమండీ,

మీ సంవత్సరీకం అయ్యాక మన గుర్రం రాణిని పెళ్లి ఊరేగింపుకు మళ్లీ అడిగారు. దాని నోటి వెడల్పు దారంతో కొలుచుకుని, కొత్త కళ్లెం కోసం ఖమ్మంలో గుర్రపు జీనులు కుట్టే సాయిబు దగ్గరికి వెళ్లాను. మీరు నన్నెన్నడూ ముట్టనివ్వని పాత కళ్లెం కూడా పట్టుకెళ్లాను. అది చూసి ఆయన అన్నాడు:

“గీ ముళ్లది ఇంక పారెయ్యలేదా అమ్మా? నున్నది తీస్కోమని అన్నకు ఎన్నిసార్లు చెప్పిన! ‘కుచ్చుకుంటెనే గుర్రం బరాత్‌ల ఎగుర్తది సాయిబూ’ అని నవ్వెటోడు.”

అడవిలో ముళ్లకంప మేసి నోరు చీరుకుందని మీరంటే నమ్మాను. గడ్డిలో ముళ్లు ఏరి పెట్టాను. పుండు మానేదాకా పసుపు రాశాను. మానగానే మీరు మళ్లీ ఆ కళ్లెమే తొడిగేవారు.

ఈ ఉదయం వంటింట్లోంచి పసుపంటిన చేత్తోనే నున్నటి కళ్లెం తీసుకెళ్లాను. వాసన తగలగానే రాణి అప్పట్లాగే గోడవైపు తిరిగిపోయింది.

మందు మంటకు భయపడుతోందని ఇన్నాళ్లూ అనుకున్నానండీ. పసుపు తర్వాత ఏమొస్తుందో దానికి తెలుసు.