పదకొండుసార్లు నొక్కింది నేనే

మంగళవారం, అన్నం తిన్నాక

మా చామంతులు బజారుకు పోయే వ్యానులో చోటు ఫోన్‌లోనే బుక్ చేయాలి. ఆ వెబ్‌సైట్ చూసుకునేది నా బిడ్డ సునీత. వారం నుంచి పొద్దున్నే అది ఆగిపోతున్నది. మా ఊరు చిన్న మంగళారం రైతులు తిడుతుంటే, నా బిడ్డకు పని రాదని నలుగురిలో మొదట అన్నది నేనే. రేపటిలోగా కారణం చూపకపోతే దాని ఉద్యోగం పోతుందట.

ఈరోజు సునీత వెబ్‌సైట్ ప్రోగ్రామ్ నడుస్తుండగానే, రాసిన కోడ్ ముట్టుకోకుండా, లోపల ఏం జరుగుతుందో కనిపెట్టే కాపలా ముక్కలు పెట్టింది. నీళ్లు ఆపకుండా డ్రిప్పు పైపుకు మీటరు బిగించినట్టు. ఏ బుకింగ్ రిక్వెస్టు ఎప్పుడు వచ్చిందో, ఎక్కడ ఆగిందో అన్నీ కనబడ్డాయి.

"ఒక్క బుకింగ్‌కే ఎవరో పదకొండుసార్లు నొక్కుతున్నరు బాపూ. అవన్నీ తెమిలేదాక ఎనకున్నోళ్లు ఆగుతున్నరు" అన్నది.

పళ్లెం పక్కకు జరిపాను. జవాబు రాకపోతే మళ్లీ నొక్కుతాను. తలుపైనా అంతే కొడతాను.

"ఆ నంబరు రాసి మీ ఆఫీసుకు పంపు. అది నాదే" అన్నాను.

"తెల్సు బాపూ. ఆ సిమ్ము నా పేరు మీదనే ఉన్నది గద."

అందుకే పొద్దటినుంచి రిపోర్టు పంపకుండా కూర్చున్నదట. పంపితే తానే చెడగొట్టిందనుకుంటారు. ఓ కాగితం మీద 'నొక్కింది నేను' అని రాసి, కింద పేరు పెట్టి ఇచ్చాను. అక్షరాలు వంకర పోయాయి, కానీ చదవొచ్చు. ఫోటో తీసి రిపోర్టుతో పంపింది.

ఆఫీసు సార్లు ఏమంటారో తెలియదు. పని రాదని అన్న మాట మాత్రం ఆ నలుగురి ముందే నేను వెనక్కి తీసుకోవాలి. అది ఒక్కసారి చెబితే చాలదు.