చెల్లికి రక్తపరీక్ష చేయించు

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట నమ్మి, తర్వాతది చదువు.

పోయిన నెల ఫైరింజన్ శిక్షణలో నిచ్చెన ఎక్కుతుంటే సగంలో కళ్ళు బైర్లు కమ్మాయి. నడుముకి తాడు కట్టి ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు. రక్తం చూస్తే ఒంట్లో ఇనుము బాగా తక్కువట. "ఇంటికెళ్ళి కోలుకుని, వచ్చే ఏడు రామ్మా" అంది మా శిక్షకురాలు. "నిచ్చెన ఎక్కనివ్వకండి, కానీ పంపెయ్యకండి. ఈసారి పరీక్షలో పెరగకపోతే నేనే పెట్టె సర్దుకుంటాను" అన్నాను. చివరికి సరేనంది.

అప్పట్నుంచి డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు ఒక్కపూట మానలేదు. పప్పు, ఆకుకూర సరే, ముక్కు మూసుకుని కార్జం కూడా తింటున్నాను, పైన నిమ్మకాయ పిండుకుని. తిండి తిన్న వెంటనే టీ తాగొద్దన్నారు, ప్రాణం పోయినంత పనయింది. నిన్న మళ్ళీ చూస్తే పెరిగింది. ఇంకా పెరగాలి, పెంచుతాను. రేపు మొదటి అంతస్తు దాకా ఎక్కనిస్తారు.

నాన్న నడుంనొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి బాగుచేయించారా?

చెల్లిని బద్ధకస్తురాలని తిట్టొద్దని నాన్నకి చెప్పు. మెట్లెక్కితే దానికొచ్చే ఆయాసం నాకూ వచ్చేది. ఈ వారమే రక్తపరీక్ష చేయించు. చూపించకుండా మాత్రలు మాత్రం కొనిపెట్టకు.

నాన్నకి నమస్కారాలు, చెల్లికి ముద్దులు. దానితోపాటు నువ్వూ పరీక్ష చేయించుకో. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తినేది నువ్వే కదా.

నీ పెద్దది