మరిదిగారి రోమింగ్ ఫోన్

మే 8, 2006. ఉండి.

బ్యాంకాక్ వెళ్తున్నాను. నేను అడగలేదు. టార్గెట్ దాటిన డీలర్లని రొయ్యల మేత కంపెనీ తీసుకెళ్తోంది. షాపు నా పేరున ఉంది కాబట్టి టికెట్టు నా పేరున వచ్చింది. మా వారు పోయాక షాపుతో పాటు రెండు చెరువులూ నా పేరుకి మారాయి. పేరుకే. షాపులో కుర్చీలో కూర్చునేది మా మరిది పల్లంరాజు గారు.

తోడుకని కంపెనీ ఇచ్చిన రెండో టికెట్టు ఆయనే తీసుకున్నారు. దేశం కాని దేశం మిమ్మల్ని ఒక్కరినే ఎలా పంపుతామండీ వదినగారూ అన్నారు. హాస్టల్లో ఉన్న సుప్రజని తీసుకెళ్తానంటే, పిల్లకి సెమిస్టర్ పరీక్షలు కదండీ అన్నారు. నా కూతురి పరీక్షల డేట్లు నాకంటే ఆయనకే బాగా తెలుసు.

నా సెల్‌కి రోమింగ్ కూడా పెట్టించారట. ఏంటో, ఈసారి అన్నీ అడక్కుండానే చేస్తున్నారు.

మే 10. చెన్నై ఎయిర్‌పోర్ట్.

కంపెనీ ఏరియా మేనేజర్ సురేష్‌బాబు అందరికీ తలా ఒక కవరు ఇచ్చాడు. మూడు వందల డాలర్లు. నాది నా చేతిలో ఎంతసేపు ఉందో చెప్పలేను, అంత తక్కువసేపు. అక్కడ ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులే లాగేస్తారంటండీ అంటూ పల్లంరాజు గారు తీసుకుని, నడుముకి కట్టుకున్న జిప్పు సంచిలో పెట్టుకున్నారు. స్టాంపు పడగానే పాస్‌పోర్టూ అందులోకే పోయింది.

పెట్టెలో చీరల మడతల్లో ఐదు వేల రూపాయలున్నాయి. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలుస్తోంది.

మే 11. బ్యాంకాక్. మధ్యాహ్నం.

నా ఫోన్ పనిచెయ్యడం లేదు. నో సర్వీస్ అని వస్తోంది. ఆయన ఫోన్ భేషుగ్గా మోగుతోంది. సిగ్నల్ ప్రాబ్లమండీ, రేపటికి వస్తుంది అన్నారు. సుప్రజతో మాట్లాడాలన్నాను. ఆయనే చేసి, ఆయనే మాట్లాడి, అంతా బాగానే ఉందంటండీ అని కట్ చేశారు. నిమిషానికి నూట పాతికట.

సాయంత్రం.

తలనొప్పి మాత్రలకి డబ్బులడిగాను. డబ్బులివ్వలేదు, మాత్రలే కొనిచ్చారు. చిల్లర కూడా నా చేతిలో పడకూడదన్నమాట. నాకు నలభై ఆరేళ్ళు.

గదికి ఇద్దరు ఆడవాళ్ళు. నా వంతుకి నూకరత్నం వచ్చింది. అంతర్వేది వైపు మనిషి. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడట, ఇప్పుడు మొగుడూ పెళ్ళాం మేత డీలర్లు. గొంతు చాలా పెద్దది. పెట్టె ఇంకా తెరవకముందే, మీ డాలర్లు ఆయనగారి మొలకి ఎందుకు కట్టారండీ అని అడిగింది. మా ఇంటి విషయం అన్నాను. ఆయ్, మరి ఫోను కూడా ఇంటి విషయమేనాండీ అంది. బాత్రూమ్‌లోకి వెళ్ళి కొళాయి తిప్పేశాను.

మే 12. ఉదయం.

టిఫిన్ దగ్గర పల్లంరాజు గారు నాకు వీపు పెట్టి ఫోన్లో మాట్లాడుతున్నారు. పద్నాలుగో తారీకు తెల్లారేసరికి ఐసు బండి గట్టు మీద ఉండాలి అన్నారు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఊళ్ళో పెళ్ళికండీ, కూల్‌డ్రింకులకి ఐసు అన్నారు. ఎవరి పెళ్ళి అని అడిగాను. తెలిసినవాళ్ళదండీ అన్నారు.

గట్టు మీద పెళ్ళేంటి?

రిసెప్షన్‌లో అమ్మాయిని ఇండియాకి లైన్ ఇవ్వమన్నాను. డిపాజిట్ కట్టాలి, పాస్‌పోర్టు చూపించాలి అంది. రెండూ ఆయన నడుముకే ఉన్నాయి. సురేష్‌బాబుని అడిగితే, నాది కంపెనీ ఫోను మేడమ్, మీ మరిదిగారున్నారు కదా అన్నాడు.

అదే రోజు. సాయంత్రం.



మధ్యాహ్నం బట్టల బజారులో బస్సు ఆపారు. మన పంజాబీ వాళ్ళ కొట్లు చాలా ఉన్నాయి. ఆడవాళ్ళం చీరలు చూస్తామని చెప్పి నూకరత్నం మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. నా దగ్గర రూపాయలున్నాయి, మార్చాలి, ఫోన్ చెయ్యాలి అన్నాను. ఇంటి విషయం అన్నారు కదండీ అంది. అంటూనే నడిచింది. తలపాగా కొట్టాయన రూపాయలు మారుస్తాను గానీ ఏదో ఒకటి కొనాలన్నాడు. అన్యాయం రేటు. ఒక గొడుగు కొన్నాను. పక్కనే ఫోన్ కార్డు దొరికింది. నూకరత్నం బూత్ బయట నిలబడింది.

సుప్రజ ఎత్తింది. నా గొంతు వినగానే ఏడుపు. అమ్మా, నీ ఫోన్‌కి రోమింగే లేదు, సెల్ షాపుకెళ్ళి అడిగితే బాబాయే వద్దన్నాడన్నారు అంది. తర్వాత, చెరువులు రెండూ ఎల్లుండి పట్టెయ్యమని నువ్వే చెప్పావటగా, రొయ్యకి వైట్ స్పాట్ జబ్బు వచ్చిందటగా అంది.

నేను చెప్పానా! నెలాఖరుదాకా వల దింపేది లేదని చెరువులు చూసుకునే గంగయ్యకి చెప్పి వచ్చాను. రొయ్య ఇప్పుడు యాభై కౌంటు కూడా లేదు. అంటే కేజీకి యాభై రొయ్యల పైనే తూగుతాయి. ఇంకో రెండు వారాలు మేస్తే నలభై లోపుకి వస్తుంది. ఆ తేడానే మా ఏడాది బతుకు. సుప్రజా, గంగయ్య దగ్గరికెళ్ళి, అంటున్నాను. లైను తెగింది.

పల్లంరాజు గారి వేలు హుక్కు మీద ఉంది. బస్సులో అందరూ మీకోసమే చూస్తున్నారండీ వదినగారూ అన్నారు. నవ్వుతూనే. ఇవన్నీ మోసం కార్డులండీ అని కార్డు తీసి జేబులో వేసుకున్నారు.

ఆయనొస్తున్నాడని కేకేశానండీ, మీకు వినపళ్ళేదు అంది నూకరత్నం. గాజు తలుపు వేసుకున్నాను మరి.

బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు.

మే 13. పట్టాయా. ఉదయం.

జబ్బు లేదు. ఉంటే గంగయ్య నాకు చెప్పకుండా ఉండడు. చెరువులో జబ్బు లేదు, మనిషిలో ఉంది.

మే 13. సాయంత్రం.

అన్నీ రాస్తాను.

స్పీడ్ బోట్లలో ఏదో దీవికి తీసుకెళ్ళారు. దారిలో సముద్రం మధ్య ఒక పెద్ద బల్లకట్టు, అక్కడ పారాచూట్ ఎక్కించడం. డీలర్లందరూ చిన్నపిల్లలైపోయారు. పల్లంరాజు గారు చొక్కా విప్పి నాకిచ్చారు. తడుస్తాయని ఫోనూ ఇచ్చారు. జిప్పు సంచి విప్పడానికి ఒక్క క్షణం ఆలోచించారు. పక్కన సురేష్‌బాబు, రాజుగారూ మీ నంబరే అని అరుస్తున్నాడు. విప్పి నా ఒళ్ళో పెట్టారు. జాగ్రత్తండీ, ఇక్కణ్ణించి కదలకండి అన్నారు. ఎక్కడికి కదులుతాను, చుట్టూ నీళ్ళు.

పైకి లేచారు. తాడు బిగిసింది, కాళ్ళు రెండూ గాల్లో కొట్టుకున్నాయి.

నేను చేసేలోపే ఫోన్ మోగింది. రొయ్యల ఏజెంటు వీరాస్వామి. రాజుగారండీ, వలలు తెప్పించానండీ, రేపు తెల్లారకముందే దింపేస్తాం, డబ్బు మీరన్నట్టే భీమవరంలో మీ బావమరిదికి ఇచ్చేస్తానండీ అన్నాడు. గుక్క తిప్పుకోనిచ్చి, నేను అలివేలుమంగని అన్నాను.  చెరువులు ఎవరివి వీరాస్వామీ అన్నాను. తమరివేనండీ అన్నాడు. నేను అమ్మడం లేదు, నా గట్టు మీద నీ వల కనిపిస్తే పోలీసుల్ని పంపిస్తాను అన్నాను. ఆయ్, అమ్మగారూ, నాకు తెలవదండీ, తమరే అమ్మమన్నారని చెప్పారండీ అన్నాడు.

తర్వాత గంగయ్య. వైట్ స్పాట్ ఉందా అని అడిగాను. లేదండీ, మేత శుభ్రంగా తింటున్నాయండీ, చినరాజుగారు చెప్పమన్నట్టు సుప్రజమ్మగారికి చెప్పానండీ, తప్పయిపోయిందండీ అన్నాడు. తప్పుల సంగతి తర్వాత, నేను వచ్చేదాకా చెరువులో ఎవడూ కాలు పెట్టకూడదు, పాలెం కుర్రాళ్ళని పిలిచి గట్టు మీద కాపలా పెట్టు అన్నాను. తర్వాత సుప్రజ. ఏం తిన్నావని కూడా అడిగాను. దాని పరీక్షలు అయిపోయి వారం దాటిందట, మేం బయల్దేరిన రోజే ఇంటికొచ్చేసిందట. నిమిషానికి నూట పాతిక. కావాలనే అడిగాను.

పైన మా మరిదిగారు గుండ్రంగా తిరుగుతున్నారు. నన్ను చూశారో ఏమో, చెయ్యి ఊపారు. నేను ఊపలేదు. సంచిలోంచి నా పాస్‌పోర్టు, నా కవరు తీసుకున్నాను. కవరు పల్చబడింది.

దిగారు. మోకాళ్ళదాకా తడి. ఎవరైనా ఫోన్ చేశారా అండీ అన్నారు. వీరాస్వామి చేశాడు, ఐసు బండి వద్దని చెప్పాను అన్నాను.

ముఖంలోంచి నవ్వు పోవడం మొదటిసారి చూశాను. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, నా సొంత చెరువుల్లో రెండు పంటలు పోయాయని తెలీదా మీకు, మా అన్నయ్య ఉంటే ఇలా చూస్తూ ఊరుకునేవాడా అన్నారు. ఆయన్ని అడిగేవారు, నన్ను అడగలేదు అన్నాను. మిమ్మల్ని అడిగేదేంటి అన్నారు. గారూ లేదు, అండీ లేదు. పాతికేళ్ళ మర్యాద ఆ ఒక్క మాటతో సరి.

ఫోన్ ఇమ్మని చెయ్యి చాచారు. ఊరెళ్ళాక ఇస్తానన్నాను. చెయ్యి ఇంకా ముందుకి వచ్చింది. నూకరత్నం మా ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడి మొక్కజొన్న కండి తింటూ, ఏమండీ రాజుగారూ, పైన గాలి బాగుందాండీ అని పెద్దగా అడిగింది. అందరూ ఇటు తిరిగారు. చెయ్యి వెనక్కి పోయింది.

మే 14.

గంగయ్య చేశాడు. రొయ్యలు నీళ్ళలోనే ఉన్నాయండీ అన్నాడు.

మే 17. ఉండి.

ఫోన్ ఇచ్చేశాను. షాపు తాళాలు తీసుకున్నాను. కుర్చీ ఆయన బరువుకి ఒకవైపు ఒరిగిపోయింది. బంధువులందరికీ కబురు వెళ్ళింది. బ్యాంకాక్‌లో అందరి ముందూ మరిది పరువు తీశానట. ఒక్కరు కూడా ఏం జరిగిందని అడగలేదు.

మే 25.

పెద్ద చెరువులో వైట్ స్పాట్.

తెల్లవారగానే గంగయ్య రెండు రొయ్యలు అరచేతిలో పెట్టుకొచ్చాడు. తల చిప్ప మీద తెల్ల మచ్చలు.  సాయంత్రానికల్లా గట్టు వెంట వందలు తేలాయి. వీరాస్వామికి నేనే ఫోన్ చేశాను.

మే 26.

వల దించాం. సగం చచ్చినవే. వీరాస్వామి ఇష్టమొచ్చిన రేటు చెప్పాడు, ఒప్పుకున్నాను. డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

పల్లంరాజు గారు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. చెప్పానుగా వదినగారూ అన్నారు. అండీలు మళ్ళీ వచ్చాయి. ఆ రోజు పట్టి ఉంటే నాలుగింతలు వచ్చేదండీ అన్నారు. నిజమే. నాలుగింతలూ వచ్చేది. నా ఇంటికి కాదు, అంతే. ఆ మాట పైకి అనలేదు. గంగయ్య ముందు, కుర్రాళ్ళ ముందు ఆయన గెలిచినట్టే ఉంది. ఉండనీ.

ఇంటికొచ్చి సుప్రజ మీద అరిచాను. దానికేం సంబంధం లేదు.

జూన్ 4.

చిన్న చెరువు బతికింది. ముప్పై ఎనిమిది కౌంటు. కాలేజీ ఫీజుకి, కరెంటు బిల్లుకి సరిపోతుంది. పెద్ద చెరువు పెట్టుబడికి చాలదు.

జూన్ 14.

పెద్ద చెరువు ఎండగట్టాం. నేల నెర్రెలిచ్చింది. చెప్పులు విప్పి మధ్యదాకా నడిచాను. ఇన్నేళ్ళలో చెరువు అడుగున నిలబడటం ఇదే మొదలు. మట్టి పైన కాలుతోంది, నెర్రెల్లో చల్లగా ఉంది. గట్టు చాలా ఎత్తుగా కనిపించింది. దాని మీద పల్లంరాజు గారు ఉన్నారు. పిలవలేదు. నేనూ పిలవలేదు. వాన మొదలైంది. ఇద్దరం కదల్లేదు.