కత్తెర పట్టుకుని వెనకాల మీ అన్నయ్య

చిన్నమ్మాయికి,

కుట్టు మిషన్ మీద కాగితం పెట్టుకుని మీ వదిన రాస్తున్న ఉత్తరం. ఇక్కడ ఇద్దరం ప్రాణాలతోనే ఉన్నాం. పరువు సంగతి చదివి నువ్వే చెప్పు. ఫోన్ చేస్తే సగం విని మిగతా సగం నువ్వే చెప్పేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఎవరి ఊళ్లో వాళ్లం పరుగు మొదలుపెట్టి, ఒకరికొకరం ధైర్యం చెప్పుకుందామని ఒట్టు పెట్టుకున్నాం కదా. నాకిది సరదా కాదని నీకు తెలుసు. "ఒళ్లు తగ్గించి మోకాళ్లు కాపాడుకో, లేదంటే మిషన్ తొక్కడం మానెయ్" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. మిషన్ మానేస్తే నేను మనిషిగా మిగలను. అందుకని వదులుగా ఒక పంట్లాం కుట్టుకుని సోమవారం పొద్దున్నే వీధిలోకి దిగాను.

నాలుగిళ్లు దాటానో లేదో వెనకనుంచి మీ అన్నయ్య కేక. "ఆగు, ఆగమంటుంటే వినవేం" అని పరిగెత్తుకొస్తున్నారు. చేతిలో నా పెద్ద కత్తెర. పంట్లాం అంచు దగ్గర దారం ఊడి బారెడు పొడవున ఈడ్చుకుంటూ వస్తోందట. కాలికి చుట్టుకుని ఎక్కడ పడతానోనని ఆయన కంగారు. వాచీలు విప్పేటప్పుడు కంటికి బిగించుకునే నల్ల గొట్టం కూడా తీయకుండా వచ్చేశారు. నేను ఆగలేదు. ఆగితే మళ్లీ కదలలేనని నాకు తెలుసు. వీధి వీధంతా కిటికీల దగ్గర నిలబడి చూసింది.

ఇట్లు, రొప్పు ఇంకా తగ్గని
మీ వదిన

తా.క.: దారం తెగింది. ఎదురింటి నర్సు మాత్రం సాయంత్రం వచ్చి, కత్తెర ఎక్కడ దాచావని గుసగుసగా అడిగింది. దేనికని అడుగుతోందో నాకు తర్వాత వెలిగింది.

---

వదినకు,

నీ ఆడపడుచు లైబ్రరీ కౌంటర్ కింద కాగితం దాచుకుని రాస్తోంది. నీ ఉత్తరం చదివి పైకే అరిచాను. నిశ్శబ్దంగా ఉండమని బోర్డు రాసి పెట్టినదాన్ని నేనే. చదువుకుంటున్న వాళ్లందరూ నన్నే చూశారు.

అన్నయ్య నిన్ను తరమడమా? బొద్దింక కనిపిస్తే మంచమెక్కి చెల్లెల్ని కేకేసిన మనిషి కదా. ఆ వీధి వాళ్లకు కళ్లు కనిపించవా? నువ్వేం మొహమాటపడకు. ఇంటింటికీ వెళ్లి, మా ఆయన బంగారం అని చెప్పు. నిజం నిప్పులాంటిది. పరుగు మాత్రం ఆపకు, నా మీద ఒట్టు.

ఇట్లు,
నీ వెనకే ఉన్న చిన్నమ్మాయి

తా.క.: నా పరుగు సంగతి అడిగే లోపు నేనే చెప్తున్నాను. బూట్లు కొన్నాను. కాళ్లకు అలవాటు కావాలి కదా అని వాటితోనే కూర్చుని టీవీ చూస్తున్నాను. బాగానే అలవాటయ్యాయి.

---

చిన్నమ్మాయికి,

నీ సలహా విన్నందుకు నన్ను నేనే తిట్టుకుంటూ మీ వదిన.

ఇంటింటికీ వెళ్లాను. మా ఆయన బంగారం అన్నాను. నర్సు నా చెయ్యి పట్టుకుని, "చెప్పలేవులే తల్లీ. మా పెరటి తలుపు గడియ వేయను, ఎప్పుడైనా వచ్చెయ్" అంది. నేను ఆయన్ని పొగిడినకొద్దీ ఆవిడ కళ్లు తుడుచుకుంది. పరుగులో పడి మోచెయ్యి గీరుకుపోతే, పడ్డానమ్మా అని చూపించాను. అందరూ అలాగే అంటారట.

ఇస్త్రీ అతను మీ అన్నయ్య చొక్కాలు నలిగినవి నలిగినట్టే తిప్పి పంపాడు. వాచీల కొట్టుకి మనుషులు వస్తున్నారు, కానీ ఇచ్చిన వాచీలు బాగవకుండానే పట్టుకుపోవడానికి. పాపం ఆయన గోడ గడియారాల మధ్య ఒక్కరే కూర్చుంటున్నారు. అయినా నేను పడతానన్న బెంగతో రోజూ నా వెనకే వస్తున్నారు. ఆయన వెనకాల నాకు కాపలాగా మా వీధి చివరింటి కరాటే మాస్టారు. పరుగు మానితే మిషన్ పోతుంది, మానకపోతే పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇట్లు, ఏడవాలో నవ్వాలో తెలియని
వదిన

తా.క.: కరాటే మాస్టారికి కూడా ఆయాసమేనట. రెండో మలుపు దగ్గర ముగ్గురం ఒకే అరుగు మీద కూర్చున్నాం.

---

వదినకు,

నిద్ర పట్టని ఆడపడుచు రాయునది.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవా? అన్నయ్యని ముందు పరిగెత్తమను, నువ్వు వెనక వెళ్లు. ముందు పరిగెత్తేవాడు వెనకున్న మనిషిని తరుముతున్నాడని ఎంత బుద్ధిలేని వీధి అయినా అనదు. పుస్తకాల మధ్య బతికేదాన్ని, నా మాట విను.

ఇట్లు,
చిన్నమ్మాయి

తా.క.: నిన్న గేటు దాకా పరిగెత్తాను. పక్కింటావిడ చూసింది. ఏదో మరిచిపోయినదానిలా నుదురు కొట్టుకుని లోపలికి వచ్చేశాను. ఈ వయసులో నలుగురి ముందూ పరిగెత్తడమంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను వదినా.

---

చిన్నమ్మాయికి,

ఇకమీదట నువ్వు సలహాలివ్వకు.

మీ అన్నయ్య ముందు, నేను వెనక. వీధి సగం దాటేదాకా బాగానే ఉంది. ఆయన కాలి చెప్పు ఊడిపోయింది. చూసుకోకుండా వెళ్లిపోతున్నారు. నేనది తీసి చేత్తో పట్టుకుని, "ఆగండి, ఎక్కడికి పోతారు" అని అరుస్తూ వెనకపడ్డాను. కాసేపటికి గానీ నా అవతారం ఎలా ఉందో నాకే తట్టలేదు.

సాయంత్రం నర్సు వచ్చింది. ఈసారి చెయ్యి పట్టుకోలేదు, గుమ్మంలోనే నిలబడింది. "ఎంత కష్టం ఉన్నా వీధిలో, మొగుణ్ణి, చెప్పుతోనా?" అంది. ఇప్పుడు వాచీల కొట్టు కిటకిటలాడుతోంది. నడుస్తున్న వాచీలు కూడా తెచ్చి, "ధైర్యంగా ఉండండి" అని ఆయన భుజం తట్టి వెళ్తున్నారు. నా దగ్గరకొచ్చిన స్కూలు యూనిఫాంలు మాత్రం, ఒక చెయ్యి కుట్టి ఒక చెయ్యి కుట్టకుండానే పట్టుకుపోయారు. ఏ మిషన్ కోసం పరిగెడుతున్నానో, ఆ మిషన్ మీద ఇవాళ గుడ్డముక్క లేదు. నిన్న దానిమీద తల ఆనించి ఏడ్చాను.

ఇట్లు,
మొగుణ్ణి తరిమే మీ వదిన

తా.క.: కరాటే మాస్టారు ఇప్పుడు మీ అన్నయ్య పక్కన పరిగెడుతున్నారు.

---

వెనక గదిలో ఉన్న వదినకు,

ముందు గదిలోంచి నీ ఆడపడుచు. నిన్నటినుంచి గోడవైపు తిరిగి పడుకున్నావు, పిలిస్తే పలకవు. రాయక ఏం చెయ్యను?

నువ్వు ఏడ్చానని రాశావు, నాకు కాళ్లు నిలవలేదు. చెప్పకుండా మొదటి బస్సెక్కాను. వీధివాళ్లందరినీ నిలబెట్టి మీ ఇద్దరి మంచితనం గురించి చెబుదామని దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. మలుపు తిరిగేసరికి అన్నయ్య కనిపించాడు. నోరు తెరుచుకుని, గుడ్లు బయటికొచ్చి పరిగెడుతున్నాడు. వెనక జుట్టు విరబోసుకుని నువ్వు.

నీ ఉత్తరాలన్నీ నాకు కంఠతా వచ్చు వదినా. ముందు పరిగెత్తమన్నది నేనే. అన్నీ తెలిసిన నేనే, ఆ క్షణంలో అన్నీ మరిచిపోయాను. "మా అన్నయ్యని కొడతావా" అని అరిచానట. మలుపు దగ్గరనుంచి నీ దాకా పరిగెత్తానట. నీ కాళ్లకేసి బ్యాగు విసిరింది మాత్రం గుర్తుంది. నువ్వు పడిపోయి, చీలమండ పట్టుకుని, "నువ్వు కూడానా" అన్నావు చూడు, ఆ మాట నన్ను తినేస్తోంది.

వాపు తగ్గితే కాలు మామూలవుతుందన్నాడు డాక్టరు. అందాకా మిషన్ నేను తొక్కుతాను, నువ్వు పక్కన కూర్చుని తిట్టు. రేపు సెలవు అడగడానికి ఒకసారి ఊరెళ్లి వెంటనే వచ్చేస్తాను.

ఇట్లు,
మొహం చూపించలేని చిన్నమ్మాయి

తా.క.: ఈ ఉత్తరం అన్నయ్య తెస్తాడు. ఇంట్లో పరిగెత్తితే ఎవరూ ఏమీ అనుకోవడం లేదని సంతోషంగా ఉన్నాడు.

---

చిన్నమ్మాయికి,

కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని మీ వదిన. గోడవైపు తిరిగింది మొదట కోపంతోనే. తర్వాత సంగతి వేరు.

నువ్వు మందులకు వెళ్లినప్పుడు వీధంతా మనింటికి వచ్చింది. నర్సు నా తల నిమిరింది. "ఇన్నాళ్లూ మీ ఇద్దరినీ అపార్థం చేసుకున్నాం తల్లీ. మొగుడూ పెళ్లాల మధ్య ఇంత చిచ్చు ఎవరు పెట్టారా అనుకున్నాం. నిన్న కళ్లారా చూశాం. అంతా ఆ ఆడపడుచు పనే" అంది. అందరూ తలలూపారు. ఇస్త్రీ అతను చొక్కాలు మడతపెట్టి తెచ్చాడు. యూనిఫాంలన్నీ తిరిగొచ్చాయి. మిషన్ కనిపించనంత గుడ్డ ఉంది.

నేను ఊరుకోలేదు. "మా చిన్నమ్మాయి అలాంటిది కాదండీ" అన్నాను. "చెప్పలేవులే" అంది నర్సు. ఇంకోసారి నోరు తెరిచాను. ఇంతలో ఆ బట్టల మూటల మీద చూపు పడింది, మూసుకున్నాను. నన్ను క్షమించు.

రేపు పొద్దున్న నువ్వు బస్సుకి వెళ్లేటప్పుడు మన గుమ్మం నుంచి బస్టాండు దాకా రెండు పక్కలా నిలబడి ఉంటారట. నర్సు దగ్గర చీపురు చూశాను. అందుకని బూట్లు గట్టిగా బిగించుకో. ముక్కుతో పీల్చు, నోటితో వదులు. వెనక్కి తిరిగి చూడకు, వేగం తగ్గుతుంది. ఆయాసం వచ్చినా ఆగకు.

ఇట్లు, నీకు ధైర్యం చెప్తానని ఒట్టు పెట్టుకున్న
వదిన

తా.క.: నలుగురూ చూస్తారని సిగ్గుపడకు. చూస్తూ ఎవరూ నిలబడరు, అందరూ నీతోపాటే పరిగెడతారు.