ద్వాదశి నాటి అవిసాకు

ఆండాళూ,

నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది. ఇవాళ ద్వాదశి కూడా. ఏకాదశి పస్తున్న మర్నాడు అవిసాకు కూర తినందే మమ్మల్ని గడప దాటనిచ్చేదానివి కాదు. ఇప్పుడు మాకన్నీ ఏకాదశులే, ద్వాదశి రావటం లేదు.

వానలు లేవు. బావి ఎండింది. మన ఊరు కారమడైలో ఏ పెరట్లోనూ అవిసె చెట్టు మిగల్లేదు, నువ్వు నాటింది తప్ప. కాళ్లు కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు పోసి దాన్ని బతికించాను.

మన పాపకు రేచీకటి వచ్చింది. పొద్దు వాలితే గోడ పట్టుకుని నడుస్తోంది. కొండకు పోతున్న కుంపిణీ దొర పల్లకీ మన వీధిలో ఆగితే, మందేదైనా చెప్పమని కాళ్ల మీద పడ్డాను. బిడ్డకు పచ్చాకు పెట్టమన్నాడు. అది ఎక్కడుందో చెప్పలేదు.

పొద్దున చెట్టు ఆకంతా దూస్తుంటే మీ అమ్మ అడ్డమొచ్చింది.

"కొన్ని కొమ్మలన్నా ఉంచప్పా, చెట్టు చచ్చిపోతాది."

"చావనీ అత్తా! చెట్టు పచ్చగా ఉండి బిడ్డ గుడ్డిదైతే నేనేం చేసుకునేది?"

ఆమె లోపలికి పోయి పొయ్యి రాజేసింది. ఉట్టి ఉప్పేసి ఉడికించిన ఆకును పాప గిన్నె నాకి మరీ తినింది. ఒక్కపూటకే చూపు రాదని నాకూ తెలుసు. అయినా పొద్దు గుంకగానే దీపం పెట్టి, పాప ఎదురుగా కూర్చున్నాను.

"నాయనా, దీపం ఇంకా పెట్టలేదా?" అంది.

"ఇప్పుడే పెడతానమ్మా" అన్నాను. ఆ దీపమే పట్టుకుని పెరట్లోకి పోయి, నేను తాగాల్సిన చెంబెడు నీళ్లూ నీ అవిసె మోడుకు పోశాను.